ఎన్నో వారమో అడగని ‘గర్భిణుల ఇమ్యూనిటీ ప్యాకేజీ’: డబ్బు పెట్టి కొనుక్కున్న టెన్షన్

ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నా. అందులో ఒకటి పూర్తిగా రక్తం తీయడానికి వచ్చిన అబ్బాయికి.

ల్యాబ్ పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీ అమ్మేది వాళ్లొక్కరే కాదు, పేరు పెడితే మిగతావాళ్లు మంచివాళ్లనుకునే ప్రమాదం ఉంది. కడుపుతో ఉన్నవాళ్ల ఫోన్‌లో ఈ ప్రకటనలు ఎలా వస్తాయో తెలియదు కానీ వస్తూనే ఉంటాయి. నాకు వచ్చింది ఇది: ‘మీ ఇమ్యూనిటీ మీ బిడ్డని కాపాడుతోందా, లేక...?’ ఆ మూడు చుక్కలు పెట్టినవాడెవడో గానీ వాడికి జీతం బాగా ఇస్తుండాలి.

అప్పుడు నాకు ముప్ఫై ఒకటో వారం. మే నెల, మియాపూర్. మా ఆయన, అసలు ధర 6,499 రూపాయలున్న ప్యాకేజీ ఆఫర్‌లో 4,199కి వస్తోందని బుక్ చేసేశారు. నేను వద్దనొచ్చు. పెళ్లికి ముందూ తర్వాతా కలిపి ఏడేళ్లు శామీర్‌పేట వైపు ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో ప్రొటీన్లని కొలిచే ఎలైజా ప్లేట్లు నడిపినదాన్ని, ప్యాకేజీలో ఉన్న ఈ ఇంటర్‌ల్యూకిన్ల (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రొటీన్లు) కొలతలు ఎంత పెంకివో నాకు తెలుసు. కానీ అందులో షుగర్, థైరాయిడ్, విటమిన్ డి కూడా ఉన్నాయన్నారు. కక్కుర్తి పడ్డాను, ఒప్పుకుంటున్నా.

బుకింగ్ ఫారం గురించి కాస్త వివరంగా చెప్పాలి, నా గొడవంతా దాని దగ్గరే ఉంది. వయసు అడిగింది, బరువు అడిగింది. ఇంటి దగ్గర గుర్తు అడిగింది, లిఫ్ట్ ఉందా అని అడిగింది, శాకాహారమా మాంసాహారమా అని అడిగింది, కూపన్ కోడ్ రెండుసార్లు అడిగింది. ఎన్నో నెల అని మాత్రం ఎక్కడా అడగలేదు. ప్యాకేజీ పేరులోనే గర్భిణులు అని ఉంది, కానీ రెండో నెల అయినా తొమ్మిదో నెల అయినా వాళ్లకి ఒకటే. మన వీధి చివర టైలర్ కూడా ‘ఎన్నో నెలమ్మా’ అని అడిగి గానీ నైటీ కొలత తీసుకోడు.

పొద్దున పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఉండమన్నారు. షుగర్ టెస్ట్ ఉంది కాబట్టట. ముప్ఫై ఒకటో వారంలో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పస్తు ఉండటమంటే ఏమిటో ఆ నిబంధన రాసినవాళ్లు ఒక్కసారి చేసి చూడాలి. ఆరున్నర నుంచి రాగిజావ గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నా. ఏడున్నరకి రావాల్సిన అబ్బాయి ఎనిమిదీ పదికి వచ్చాడు. పాపం వాడి తప్పేం లేదు, ఆ పొద్దున్నే వాడికిచ్చిన ఇళ్లు తొమ్మిది.

ఆ అబ్బాయికి మాత్రం వంక పెట్టడానికి లేదు. నా నరం ఎప్పుడూ దొరకదు, మొదటి స్కానింగ్ అప్పుడు రెండు చేతులూ తూట్లు పొడిచారు. ఇతను ‘అక్కా, పిడికిలి బిగించొద్దు, వదిలెయ్యి’ అని చిన్న సూదితో ఒక్క పోటుకి తీశాడు. ఊదా మూత ట్యూబు, పసుపు మూతవి రెండు, బూడిద మూతది ఒకటి. తీయగానే నా కళ్ల ముందే స్టిక్కర్ అంటించి పేరు చదివి వినిపించాడు. ఆ తర్వాత ట్యూబులు పెట్టిన నీలం డబ్బాలోకి తొంగి చూశా. ఐస్ జెల్ ప్యాక్ ఒకటే ఉంది, అదీ కరిగి సంచిలా అయిపోయింది. ‘ఇంకా ఎన్ని ఇళ్లు తమ్ముడూ?’ అంటే ‘నాలుగు అక్కా, పన్నెండింటికల్లా సెంటర్‌కి వెళ్లిపోతా’ అన్నాడు. బయట నలభై డిగ్రీలు.

షుగర్‌కి బూడిద మూత ట్యూబు, అందులో షుగర్ తరిగిపోకుండా ఆపే మందు ఉంటుంది కాబట్టి పెద్దగా ఇబ్బంది లేదు. ప్యాకేజీలో కొలిచే ఈ సైటోకైన్లు అలా కాదు, ఇంటర్‌ల్యూకిన్లు (ఐఎల్) వీటిలో ఒక రకం. మన రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లనుకోండి, ఐఎల్-6, ఐఎల్-8, ఐఎల్-10, టీఎన్ఎఫ్ ఆల్ఫా అంటూ నంబర్లతో ఉంటాయి. రక్తంలో ఉండేది ఒక మిల్లీలీటరుకి కొన్ని పికోగ్రాములు, అంటే గ్రాములో లక్షకోట్లవ వంతులు. రక్తం ట్యూబులోకి వచ్చినంత మాత్రాన కణాలు చచ్చిపోవు. వెచ్చగా కూర్చుని ఇంకా కబుర్లు పంపుతూనే ఉంటాయి, ముఖ్యంగా ఐఎల్-8 ఇలా ఊరికే పెరిగిపోతుంది. అందుకే పరిశోధన కోసం తీసేవాళ్లు ఆలస్యం చేయకుండా యంత్రంలో గిర్రున తిప్పి సీరమో ప్లాస్మానో (కణాలు పోగా మిగిలే ద్రవం) వేరు చేసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టేస్తారు. మా ల్యాబ్‌లో శాంపిల్ బల్ల మీద కాస్త ఆలస్యమైతే ఆ బ్యాచ్ రిజల్ట్ మీద సంతకం పెట్టడానికి మా మేనేజర్ ఒప్పుకునేవారు కాదు. నా ట్యూబులు స్కూటర్ మీద మియాపూర్ నుంచి ఎక్కడెక్కడికో తిరిగాయి. రిపోర్టు కిందే ముద్రించి ఉంది చూసుకోండి: తీసినది పొద్దున 8:10, మెయిన్ ల్యాబ్‌కి అందినది మర్నాడు సాయంత్రం 6:40. దాచలేదు, అందుకు మెచ్చుకోవాలి.

మూడో రోజు రాత్రి పదిన్నరకి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. ఇలాంటివి పొద్దున పంపితే ఏం పోతుందో. పద్నాలుగు పేజీలు. మొదటి పేజీలో స్పీడోమీటరు లాంటి బొమ్మ, దాని ముల్లు నారింజ రంగు దగ్గర ఆగి ఉంది, ‘ఇమ్యూన్ బ్యాలెన్స్ స్కోరు 61, శ్రద్ధ అవసరం’. లోపల తెల్లకణాలు 12,800, ఎరుపు. ఈఎస్ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా అడుక్కి దిగుతాయో చూసే పరీక్ష) 52, ఎరుపు. సీఆర్పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) 7.4, ఎరుపు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (కాలేయం, ఎముకల నుంచి వచ్చే ఎంజైమ్) ఎరుపు. ఐఎల్-6 9.2, ఎరుపు. ఐఎల్-8 ఎరుపుతో పాటు పక్కన బాణం గుర్తు కూడా.

మా అమ్మ పురుటికి సాయంగా అప్పటికే వచ్చి ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ పెద్దది చేసి చూసి, ‘ఏమిటే ఇన్ని ఎర్రగా ఉన్నాయి, డాక్టరమ్మ నిన్ననే కదా అంతా బాగుందంది’ అంది. ఆ రాత్రి ఆవిడ పడుకోలేదు. మా ఆయన పడుకున్నట్టు నటించారు. నేను రెండింటిదాకా కూర్చుని రిపోర్టులో చిన్న అక్షరాలు చదివాను. ప్రతి ఎర్ర అంకె పక్కనా ఉన్న ‘నార్మల్’ హద్దులన్నీ కడుపుతో లేని ఆడవాళ్లవి.

ఇది మామూలు పొరపాటు కాదు, ప్యాకేజీ మొత్తం దీని మీదే నిలబడి ఉంది. ఈఎస్ఆర్ సంగతే తీసుకోండి. ఆ పరీక్ష వాడుకలోకి రావడానికి కారణమైనవాళ్లలో ఒకాయన స్వీడన్ డాక్టరు రాబిన్ ఫారియస్, 1918 ప్రాంతంలో. ఆయన మొదట గమనించిందే కడుపుతో ఉన్నవాళ్ల రక్తంలో ఎర్రకణాలు తొందరగా అడుక్కి దిగుతున్నాయని, దీన్ని గర్భం నిర్ధారించే పరీక్షగా వాడొచ్చేమోనని కూడా అనుకున్నాడు. అంటే వందేళ్ల కిందటే తెలిసిన సంగతి. గర్భంలో రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, దాంతో కణాలు ఒకదానికొకటి అంటుకుని తొందరగా దిగుతాయి, 40, 50 రావడం ఏమంత వింత కాదు. తెల్లకణాలు చివరి మూడు నెలల్లో 16, 17 వేల దాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే కనిపిస్తాయి, నొప్పులు వచ్చినప్పుడు ఇంకా పైకి పోతాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ని మాయ కూడా తయారుచేస్తుంది. గర్భిణి అని పేరు పెట్టి అమ్మిన రిపోర్టులో గర్భిణిగా ఉండటాన్నే జబ్బులా ఎర్రగా గుర్తు పెట్టారన్నమాట.

సైటోకైన్ల దగ్గర ఇది ఇంకా చిక్కు. బిడ్డలో సగం తండ్రిది, అంటే తల్లి ఒంటికి సగం పరాయిదే. వేరే మనిషి కిడ్నీ పెడితే ఊరుకోని ఒళ్లు తొమ్మిది నెలలు దీన్ని ఎలా మోస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1953లో ప్రశ్న వేశాడు. చాలాకాలం అందరూ చెప్పుకున్న జవాబు, తల్లి ఇమ్యూనిటీ తగ్గిపోతుందని. 1993లో వెగ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లూ కాస్త మెరుగు పెట్టి, దాడి చేసే టీహెచ్1 తరహా కబుర్లు తగ్గి టీహెచ్2 తరహావి పెరుగుతాయని అన్నారు (టీహెచ్ అంటే సహాయక టీ కణాలు, తెల్లకణాల్లో ఒక రకం). ఈ రిపోర్టులో ఉన్న ‘టీహెచ్1, టీహెచ్2 నిష్పత్తి’ అక్కడి నుంచి వచ్చిందే. ఆ మాట పూర్తిగా తప్పు అనను కానీ, ఈ ముప్ఫై ఏళ్లలో కథ చాలా మారింది. వీళ్లు మాత్రం ఆ 1993 దగ్గరే ఆగి దానికి స్పీడోమీటరు బిగించారు.

ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి ఇది తగ్గడం కాదు, నెలల్ని బట్టి మారడం. పెళ్లివారిల్లు గుర్తుతెచ్చుకోండి, పందిరి వేసేటప్పుడు ఒకటే గోల, ఆ తర్వాత కాస్త నిదానం, ముహూర్తం దగ్గర పడేసరికి మళ్లీ హడావిడి. పిండం గర్భసంచి గోడలో దిగేటప్పుడు అక్కడ ఒక రకంగా గాయం మానుతున్నట్టే ఉంటుంది, వాపు తెచ్చే సంకేతాలు కావాలి, లేకపోతే అతుక్కోదు. ఆ రోజుల్లో గర్భసంచి లోపలి పొరలో ఉండే తెల్లకణాల్లో దాదాపు 70 శాతం న్యాచురల్ కిల్లర్ (ఎన్‌కే) కణాలే. పేరు చూసి హడలిపోకండి, అవి అక్కడ చంపే పని కాదు చేసేది, తల్లి రక్తనాళాలు వెడల్పై మాయకి రక్తం బాగా అందేలా దారి చేస్తాయి. నడిమి నెలల్లో ఐఎల్-10 లాంటి శాంతింపజేసే కబుర్లది, మిగతా రోగనిరోధక కణాల్ని నియంత్రించే టీ కణాలది పైచేయి. బిడ్డ పెరగడానికి ఆ నిదానం కావాలి. చివర్లో మళ్లీ ఐఎల్-1 బీటా, ఐఎల్-6, ఐఎల్-8 లేస్తాయి. గర్భసంచి ముఖద్వారం మెత్తబడాలంటే ఐఎల్-8 పిలిస్తే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి, దాన్ని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ని కరిగించాలి. అంటే పదో వారంలో, ఇరవయ్యో వారంలో, ముప్ఫై తొమ్మిదో వారంలో ఒకే అంకెకి మూడు అర్థాలు. వారం తెలియకుండా ఆ అంకెకి ఎరుపో పచ్చో వేయడమంటే టైం అడక్కుండా ఎండ ఎక్కువుందో తక్కువుందో చెప్పడం.

ఇది పుస్తకాల్లో సంగతి మాత్రమే కాదు. మా అక్కకి కీళ్లవాతం. మామూలు రోజుల్లో పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, ఆవకాయ జాడీ మూత బావగారే తీయాలి. రెండో కాన్పులో ఐదో నెల నుంచి ఆవిడే మూత తీసేది, తడి దుప్పట్లు పిండి ఆరేసేది, ‘ఇలాగే ఉండిపోతే బాగుండు’ అనేది. పురుడయ్యాక రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ వేళ్లు వాచాయి, పిల్లాడికి గుండీలు పెట్టలేక ఏడ్చింది. ఇది అందరికీ జరగదు కానీ చాలామందిలో కనిపించేదే. అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు 1938లోనే దీని గురించి రాశాడు, కీళ్లని ఉపశమింపజేసే పదార్థమేదో ఒంట్లోనే ఉందని వెతుకుతూ పోయి వాపు తగ్గించే కార్టిజోన్ అనే హార్మోన్ దాకా చేరాడు, 1950లో నోబెల్ వచ్చింది. అందరి జబ్బులూ ఇలాగే తగ్గుతాయని మాత్రం కాదు, ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ అనే జబ్బు ఉన్నవాళ్లకి గర్భంలో ముదరొచ్చు. అన్ని తలుపులూ ఒకేసారి మూసేసి ఇమ్యూనిటీ నిద్రపోతే ఇన్ని రకాలుగా ఉండదు కదా.

ఇంకో సంగతి. మాయ దగ్గర, ముఖద్వారం దగ్గర జరిగే కబుర్లన్నీ మోచేతి నరంలో కనబడాలని లేదు. ఊరి చెరువు లోతు మన ఇంటి కుళాయి దగ్గర కొలిచినట్టుంటుంది. చేతి నుంచి తీసిన రక్తంలో ఐఎల్-6 ఎలా మారుతుందో చూసిన పరిశోధనలు కూడా ఒకదానికొకటి సరిగ్గా కుదరవు, కిట్ మారితే అంకె మారుతుంది. రక్తంతోనే గట్టిగా చేసి చూపించిన పని నాకు నచ్చింది ఒకటుంది, 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లది. 18 మంది ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల దగ్గర మూడు త్రైమాసికాల్లో ఒక్కోసారి, పురుడయ్యాక ఆరు వారాలకి మరోసారి రక్తం తీసుకున్నారు. సీరంలో తేలే అణువులతో సరిపెట్టుకోకుండా, ఒక్కో కణం ఐఎల్-2 లాంటి కబురు అందినప్పుడు లోపల ఎలా స్పందిస్తుందో చూశారు. ఆ మార్పులు ఎంత వరసగా ఉన్నాయంటే రక్తం చూసి సుమారుగా ఎన్నో వారమో చెప్పగలిగారు, మరో 10 మందిలో సరిచూసుకున్నారు కూడా. ‘ఇమ్యూన్ గడియారం’ అన్నారు దాన్ని. వాళ్లు రక్తం నుంచి వారం కనుక్కోవడానికి అంత కష్టపడితే, ఈ ప్యాకేజీ అమ్మిన ల్యాబ్ వాళ్లు ఊరికే అడిగితే చెప్పే వారాన్ని అడగలేదు.

మర్నాడు అమ్మ పోరు పడలేక డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ పద్నాలుగు పేజీలూ తిప్పి, ‘ఇందులో మీకు ఎన్నో వారమో ఎక్కడుందమ్మా?’ అన్నారు. లేదన్నాను. కాగితాలు బల్ల పక్కన పెట్టేసి బీపీ చూశారు, మూత్రంలో ప్రొటీన్ చూశారు, టేపుతో పొట్ట కొలిచారు, బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. ‘జ్వరమొచ్చినా, మంట మంటగా మూత్రమొచ్చినా, ఉమ్మనీరు పోయినట్టున్నా వెంటనే రండి, ఈ సీఆర్పీ అప్పుడు నేనే రాస్తాను’ అన్నారు. ఇమ్యూనిటీ తక్కువా మరి అని అమ్మ అడిగితే, తక్కువ కాదు, వేరుగా ఉంటుంది, ఫ్లూ లాంటివి గర్భిణులకి ముదిరిపోతాయి, వానాకాలంలో కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఈ అయితే ప్రాణం మీదకే తెస్తుంది, నీళ్లు కాచి తాగండి, టీకాలు మానకండి, మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకి వెళ్తాయి అని చెప్పారు. ఫీజు 600. నా 4,199లో దొరకని జవాబు అక్కడ పది నిమిషాల్లో దొరికింది.

ఇక్కడితో అయిపోతే మూడు స్టార్లు ఇచ్చేదాన్ని. ఆ సాయంత్రం ల్యాబ్ తరఫున ‘హెల్త్ కోచ్’ ఫోన్ చేసింది. ‘మేడం, మీకు టీహెచ్1 హై చూపిస్తోంది, ఒకసారి ఎన్‌కే సెల్ టెస్ట్ కూడా చేయించుకుంటే బెటర్, మా దగ్గర ఇమ్యూన్ సపోర్ట్ పౌడర్ కూడా ఉంది’ అంది. నేను ‘నాకు ఎన్నో వారమో మీ స్క్రీన్ మీద ఉందా అమ్మా?’ అని అడిగా. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. ‘అది మీరు చెప్పాలి మేడం’ అంది. ఆ పిల్లని ఏమనడానికి నోరు రాలేదు, ఎవరో రాసిచ్చింది చదువుతోంది. కానీ ఇది వినండి: పదే పదే గర్భస్రావాలయ్యే ఆడవాళ్ల విషయంలో కూడా, అంటే నిజంగా కారణం వెతుక్కోవాల్సిన వాళ్ల విషయంలో కూడా, సైటోకైన్ టెస్టులు వైద్యంలో వాడొద్దని యూరప్ సంతాన వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో రాసింది. రక్తంలో ఎన్‌కే కణాల లెక్క చేయించమనడానికీ తగిన ఆధారాల్లేవంది. రక్తంలో తిరిగే ఎన్‌కే కణాలూ గర్భసంచిలోవీ ఒక రకం కావు మరి. కడుపు నిలవక ఏడుస్తున్నవాళ్లకి ఇలాంటి ఫోన్ వస్తే వాళ్లు నాలా ఎదురు ప్రశ్న వేస్తారా, పౌడర్ కొనేస్తారు.

న్యాయంగా చెప్పాలంటే, షుగర్, థైరాయిడ్, విటమిన్ డి రిపోర్టులు పనికొచ్చాయి. డి తక్కువుంది, మాత్రలు రాశారు. కానీ ఆ మూడూ విడిగా చేయించుకుంటే ఇందులో సగం కూడా అవదు. యాప్ బాగానే పనిచేస్తుంది. ఇన్వాయిస్ అడక్కుండానే వచ్చింది.

ముప్ఫై తొమ్మిదో వారంలో పాప పుట్టింది, ఇద్దరం బాగున్నాం. ఆస్పత్రిలో చేరిన రోజు చేసిన టెస్టులో తెల్లకణాలు 18,000 పైన ఉన్నాయి, ఆ కాగితం మీద ఎవరూ ఎర్ర సిరా వాడలేదు, నర్సమ్మ చూసి ‘నొప్పుల్లో అంతే’ అని ఫైల్లో పెట్టేసింది.

రిఫండ్ అడిగాను. డబ్బు కోసం కాదు, అంటే డబ్బు కోసం కూడా. ఫారంలో ఒక గడి పెట్టి ఎన్నో వారమో అడగండి, వారాన్ని బట్టి హద్దులు వేయండి, సైటోకైన్లకి అలాంటి హద్దులు మీ దగ్గర లేకపోతే అవి అమ్మడం మానేయండి అని రాశా. మూడు రోజులకి జవాబు వచ్చింది: ‘మీ అభిప్రాయం మాకు విలువైనది. మీ ఫిర్యాదుని త్వరగా పరిష్కరించేందుకు దయచేసి ఈ వివరాలు పంపండి: పేరు, వయసు, బుకింగ్ నంబరు, ఫోన్ నంబరు.’